నష్టపోయే స్తోమత ఎవరికి ఉంది?

ఆన్‌లైన్ వ్యాపారం పెట్టాలనుకునే యువతకు నగరాల్లో జరిగే స్టార్టప్ సభల్లో ఒక సలహా తరచుగా వినిపిస్తుంది. ముందు యాప్ తయారుచేసి జనాన్ని పోగు చేయండి, డబ్బు ఎలా వస్తుందన్నది తర్వాత చూసుకోవచ్చు అన్నదే ఆ సలహా. దానికి ఆధారంగా కొన్ని నిజమైన విజయగాథలు కూడా చెబుతారు. 1994లో పుట్టిన అమెజాన్ 2001 చివరి త్రైమాసికంలో గానీ లాభం చూడలేదు. 2008లో మొదలైన జొమాటో సంస్థ మొత్తంగా తొలిసారి లాభం చూపింది 2023 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో; అదీ రెండు కోట్ల రూపాయలు మాత్రమే. ఈ కథల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అన్నేళ్ల నష్టాన్ని మోసింది ఎవరు? మదుపరులు మోశారు. ఆ మదుపరులను చేరుకోగల చదువు, పరిచయాలు, ఇంటి ఆసరా వ్యవస్థాపకులకు ఉన్నాయి. వ్యాపారం మునిగినా వారి ఇల్లు మునిగేది కాదు.

మార్కాపురంలోనో గిద్దలూరులోనో డిగ్రీ చదివి, తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టి ల్యాప్‌టాప్ కొనుక్కున్న మాదిగ, మాల, సుగాలి, యాదవ యువకుడి దగ్గరకు ఈ సలహా వచ్చేసరికి దాని అర్థం మారిపోతుంది. అతనికి ఆరు నెలల నష్టమంటే వడ్డీ, ఆ గొలుసు వేలం, హైదరాబాద్ భవన నిర్మాణ పనుల్లోకి వలస. అందువల్ల వ్యాపారం మొదలుపెట్టకముందే ఆదాయం ఏ దారిన వస్తుందో తేల్చుకోవడమన్న విషయాన్ని మేనేజ్‌మెంట్ పాఠ్యాంశంగా వదిలేయడానికి వీల్లేదు. అది కులానికీ పెట్టుబడికీ ఉన్న సంబంధం నుంచి పుట్టిన ప్రశ్న. తరతరాల ఆస్తి ఉన్నవాడికి అది వాయిదా వేయదగిన లెక్క. ఆస్తి లేనివాడికి అదే ఏకైక కవచం.

పెట్టుబడి పుట్టని నేల

తెలుగునాట పెట్టుబడి ఎక్కడ పుట్టిందో చరిత్ర స్పష్టంగానే చెబుతుంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో గోదావరి, కృష్ణా నదులపై ఆనకట్టలు వచ్చాయి. డెల్టా భూముల్లో పండిన మిగులు క్రమంగా రైస్ మిల్లులుగా, సినిమా హాళ్లుగా, కాంట్రాక్టులుగా, కళాశాలలుగా మారింది. కోస్తా రైతు కుటుంబాలు పెట్టుబడిదారులుగా ఎదిగిన ఈ క్రమాన్ని సామాజిక శాస్త్రవేత్త కరోల్ ఉపాధ్య 1988లోనే విశ్లేషించారు. భూమి ఉన్న కులాల చేతికే ఆ మిగులు చేరింది. పొలంలో పనిచేసిన కులాలకు కూలి మాత్రమే దక్కింది.

పశ్చిమ ప్రకాశానికి ఆ మిగులు కూడా లేదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు వానమీద బతికే మెట్టభూములు. కంభం చెరువు కింద కొంత ఆయకట్టు తప్పిస్తే కంది, పత్తి, మిరప, బోరుబావి ఇక్కడి వ్యవసాయం. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు మూడు దశాబ్దాలుగా ఎన్నికల వాగ్దానంగానే నలుగుతోంది. ఇలాంటి నేలలో ఆధిపత్య కులాల దగ్గరే పెట్టుబడి పలుచగా ఉంటే, భూమి లేని కులాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ నేలకున్న ప్రత్యేక సంపద పలకరాయి. దేశంలోని ఎన్నో బడులకు మార్కాపురం పలకలు వెళ్లాయి. అయితే బాలకార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 1987 జాతీయ విధానం కింద ప్రత్యేక ప్రాజెక్టులు ఎంపిక చేసినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పరిశ్రమల సరసన మార్కాపురం పలకల పరిశ్రమ పేరూ ఆ జాబితాలో చేరింది. దేశంలోని పిల్లలకు అక్షరాలు దిద్దడానికి పలకలు పంపిన ఊరిలో ఆ పలకలు చేసిన పిల్లల్లో ఎందరో బడికి దూరమయ్యారు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక పరిశ్రమే కుంచించుకుపోయింది. రాయి తీసినవాడికి, కోసినవాడికి కూలి మిగిలింది. కొనుగోలుదారు ఎవరో, ధర ఎవరు నిర్ణయిస్తారో వారికి ఎన్నడూ తెలియలేదు.

దేశం మొత్తం మీద లెక్కలు చూసినా ఇదే చిత్రం. లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, ఆశుతోష్ వర్ష్ణేయ ఆర్థిక గణనల ఆధారంగా చేసిన అధ్యయనం ప్రకారం 2005లో మొత్తం సంస్థల్లో షెడ్యూల్డ్ కులాలవారి యాజమాన్యంలో ఉన్నవి 9.8 శాతం, జనాభాలో వారి వాటా 16.4 శాతం. పైకి వెళ్లేకొద్దీ ఈ అంతరం పెరుగుతుంది. 2010 నాటి వెయ్యి అగ్రశ్రేణి కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించిన మరో అధ్యయనంలో 93 శాతం సభ్యులు అగ్రకులాలవారేనని తేలింది. ఇంటర్నెట్ ఈ అసమానతను చెరిపేస్తుందని చెప్పేవారు, ఇంటర్నెట్‌లో దుకాణం తెరవడానికీ దాన్ని నిలబెట్టుకోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని మరచిపోతున్నారు.

డబ్బు ఎవరిస్తారు?

ఆదాయ ప్రణాళిక అనగానే పెద్ద పదాలు అక్కరలేదు. నాలుగు ప్రశ్నలకు సమాధానం కావాలి. డబ్బు ఎవరిస్తారు? ఎందుకిస్తారు? ఎప్పుడిస్తారు? ఇచ్చినదాంట్లో చేతిలో ఎంత మిగులుతుంది?

మొదటి ప్రశ్నకు తెలుగువారికి తెలిసిన మంచి ఉదాహరణ రెడ్‌బస్. ఫణీంద్ర సామా తన మిత్రులతో కలిసి 2006లో బెంగళూరులో దాన్ని ప్రారంభించారు. టికెట్ కొనే ప్రయాణికుడికి ఖాళీ సీటు ఎక్కడుందో తెలియాలి. బస్సు యజమానికి ఖాళీగా పోయే సీటు అమ్ముడుపోవాలి. అమ్మిన ప్రతి టికెట్ మీద యజమాని కమీషన్ ఇస్తాడు. ఇందులో ఎవరి అవసరం ఏమిటో, ఎవరి జేబులోంచి డబ్బు వస్తుందో మొదటి టికెట్ నాటికే స్పష్టంగా ఉంది. అలాగని రెడ్‌బస్‌ను అందరికీ నమూనాగా చూపడం సరికాదు. వ్యవస్థాపకులు బిట్స్ పిలానీలో చదివి, పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు చేసినవారు. పెట్టుబడిదారుల ముందు కూర్చోగలిగినవారు. వారి నుంచి మనం తీసుకోదగినది ఆ స్పష్టత ఒక్కటే. అది డబ్బు ఖర్చు కాకుండా దొరికేది.

మిగిలిన మూడు ప్రశ్నలకు మార్కాపురం పలకనే తీసుకుందాం. ఇవి ఊహించుకున్న అంకెలు. ఎవరికి వారు తమ అసలు అంకెలు వేసుకోవచ్చు. ఒక యువకుడు చెక్క చట్రం బిగించిన రాతి పలకను ఆన్‌లైన్‌లో 350 రూపాయలకు అమ్మాలనుకున్నాడు. రాయికి, పనికి 120, విరగకుండా కట్టడానికి 40, కొరియర్‌కు 90, అమ్మకపు వేదిక కమీషన్, రుసుములకు 50 పోతే మిగిలేది 50 రూపాయలు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ పలక పగిలే వస్తువు. పది పార్సెళ్లలో ఒకటి పగిలితే, డబ్బు వాపసు ఇచ్చిన ఆ ఒక్కదాని మీద 250 పోతుంది. మిగిలిన తొమ్మిదింటి మీద వచ్చిన 450లోంచి అది తీసేస్తే పదింటికి మిగిలేది 200. ఒక్కోదానికి 20 రూపాయలు. నెలకు 15 వేలు సంపాదించాలంటే 750 పలకలు, అంటే రోజుకు 25 అమ్మాలి. పదింటిలో రెండు పగిలితే మొత్తం మీద 100 రూపాయల నష్టం. అప్పుడు అమ్మకాలు పెరిగేకొద్దీ అప్పు పెరుగుతుంది. జనాన్ని పోగు చేయమన్న సలహా ఇక్కడ ప్రాణాంతకం.

అదే రాయితో, అదే చేతులతో వేరే లెక్క వేయవచ్చు. ఇంటి గుమ్మానికి పెట్టుకునే పేరుపలకను పేరు చెక్కించి 1,500కు అమ్మితే, సగం బయానాగా ముందే తీసుకోవచ్చు. ఒకరి పేరు చెక్కిన రాయిని ముందు సొమ్ము లేకుండా చేయరని కొనేవారికీ తెలుసు. రాయి, చెక్కుడు కూలి 600, కట్టుబడి 100, కొరియర్ 150 పోగా 650 మిగులుతుంది. పదింటిలో ఒకటి పగిలి మళ్లీ చేసి పంపినా ఒక్కోదానిపై 565 నిలుస్తుంది. నెలకు 27 పలకలతో అదే 15 వేలు వస్తాయి. ప్రకటనల ఖర్చు ఇందులోంచి తీయాలి కాబట్టి మరికొన్ని అమ్మాలి. అయినా మొదటి లెక్కలో అప్పు చేసి సరుకు నింపాలి, రెండో లెక్కలో కొనేవాడి బయానాయే పెట్టుబడి. వెబ్‌సైట్‌కు ఒక్క రూపాయి ఖర్చు చేయకముందే, ఒక కాగితం మీద ఈ తేడా తెలిసిపోతుంది. పది మంది పరిచయస్తులకు ఫోటోలు పంపి, అందులో ఎందరు బయానా ఇచ్చారో చూస్తే చాలు. బాగుందన్న మాటకు విలువ లేదు, చేతికి వచ్చిన బయానాకే ఉంది.

లెక్కలో చేరవలసిన మరో అంశం సరిహద్దు. పశ్చిమ ప్రకాశం యువతకు హైదరాబాద్ సొంత ఊరి తర్వాత ఊరు. బంధువులు, స్నేహితులు, మొదటి ఖాతాదారులు అక్కడే ఉంటారు. కానీ 2014 తర్వాత పన్ను చట్టం దృష్టిలో అది పొరుగు రాష్ట్రం. ఈ-కామర్స్ వేదికల మీద రాష్ట్రంలోపలే సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారికి 2023 అక్టోబరు నుంచి టర్నోవర్ పరిమితికి లోబడి జీఎస్టీ నమోదు నుంచి సడలింపు లభించింది. పన్ను వర్తించే సరుకును అదే వేదిక ద్వారా తెలంగాణకు పంపితే ఆ సడలింపు ఉండదు. నమోదు, రిటర్నులు, వాటిని దాఖలు చేసేవారి ఫీజు అన్నీ ఖర్చులే. వ్యాపార కుటుంబంలో పుట్టినవాడికి ఇవి ఇంట్లో వినబడే మాటలు. మొదటి తరం వాడికి నోటీసు వచ్చాక తెలిసే సంగతులు.

లెక్కలో కనిపించని ఖర్చు

ఇక్కడితో ఆగితే ఇది ఏ వాణిజ్య పుటలోనైనా రాయదగిన వ్యాసమవుతుంది. కులం ఈ లెక్కలో ఒక ఖర్చుగా ఎలా చేరుతుందో చూడాలి.

బరోడాలో అవమానాలు పడి బొంబాయి తిరిగివచ్చిన తర్వాత అంబేడ్కర్ కుటుంబ పోషణకు షేర్లు, పెట్టుబడులపై సలహాలిచ్చే వ్యాపారం మొదలుపెట్టారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివిన ఆయనకు ఆ పనిలో అర్హత లేదనడానికి ఎవరికీ వీల్లేదు. సలహాదారు అస్పృశ్యుడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. ఆ వ్యాపారం మూతపడింది. అక్కడ సరుకు బాగానే ఉంది, ధర బాగానే ఉంది, అవసరమూ ఉంది. కొనేవాడి మనసులోని కులం ఆదాయాన్ని ఆపేసింది.

నూరేళ్ల తర్వాత తెర వెనుక ఉన్న అమ్మకందారు కులం ఎవరికి తెలుస్తుందని వాదించేవారు ఉంటారు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధనను వారు గుర్తుచేసుకోవాలి. ఒకే రకమైన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపితే, దళితులని తెలిసే పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయి. మనిషిని చూడనక్కరలేదు, పేరు చాలు. ఆన్‌లైన్ బిల్లు మీద అమ్మకందారు పేరు ఉంటుంది, ఇంటిపేరు ఉంటుంది, చిరునామాలో కాలనీ పేరు ఉంటుంది. తెలుగునాట ఇంతకన్నా పెద్ద కులపత్రం అవసరం లేదు.

తిండి వ్యాపారంలో ఇది మరింత పచ్చిగా కనిపిస్తుంది. బ్రాహ్మణ వంటలు, రెడ్డిగారి మెస్, చౌదరిగారి రుచులు అన్న బోర్డులు మన ఊళ్లలో సహజంగా కలిసిపోయాయి. ఆ కులాల పేర్లకు మార్కెట్‌లో ధర ఉంది. అది ఖర్చు లేకుండా వచ్చే ప్రకటన. మాదిగ మహిళ పెట్టిన ఆవకాయకు ఆ ప్రకటన దొరకకపోగా, పేరు దాచుకోవడానికే ఖర్చు పెట్టవలసి వస్తుంది. బడిలో దళిత మహిళ వండిన అన్నం తినని పిల్లల వార్తలు చదివే దేశంలో ఈ మాట అతిశయోక్తి కాదు. 2024 మార్చిలో జొమాటో శాకాహారానికి వేరే డెలివరీ దళాన్ని, వేరే రంగు దుస్తులను ప్రకటించి, విమర్శలు వచ్చాక మరునాడే ఆ రంగు దుస్తుల ఆలోచన విరమించుకుంది. వంటింటి మడి యాప్ లోపలికి ఎంత సులువుగా ప్రవేశిస్తుందో ఆ ఒక్క రోజు చూపించింది.

దీనికి ఎదురుదారి పట్టినవారూ ఉన్నారు. దళిత మేధావి చంద్రభాన్ ప్రసాద్ 2016లో పచ్చళ్లు, మసాలా పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థకు దళిత్ ఫుడ్స్ అనే పేరే పెట్టారు. దాచుకోవలసిన పేరును సరుకు మీద అచ్చువేయడం రాజకీయ చర్య. వ్యాపారం పెట్టే ప్రతి ఒక్కరూ అలా చేయాలని శాసించలేం. కానీ పేరు దాచాలా, చాటాలా అన్నది ముందే తీసుకోవలసిన నిర్ణయం. దాస్తే సొంత పేరు మీద నమ్మకం ఎన్నటికీ పెరగదు. చాటితే కొందరు కొనరు, కొందరు అందుకోసమే కొంటారు. ఏ దారిలో ఎంతమంది కొనేవారు ఉంటారో అంచనా లేకుండా దిగితే, అంబేడ్కర్‌కు ఎదురైనదే మళ్లీ ఎదురవుతుంది.

రాజ్యం ఏ లెక్క వేస్తోంది?

ఈ భారమంతా యువకుడి భుజాల మీద వేసి రాజ్యం తప్పుకోవడానికి వీల్లేదు. 2016లో ప్రారంభించిన స్టాండప్ ఇండియా పథకం ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ, ఒక మహిళా పారిశ్రామికవేత్తకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణమివ్వాలని చెప్పింది. ఉద్దేశం గొప్పది. అయితే అది మొదలైందే 10 లక్షల దగ్గర. ఆన్‌లైన్‌లో ఒక ఆలోచన నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి కావలసింది 30, 40 వేల రూపాయలు, మూడు నాలుగు నెలల సమయం. ముద్ర శిశు రుణం కింద 50 వేల దాకా దొరకవచ్చు; అదీ అప్పే, ఆలోచన తప్పని తేలినా తీర్చవలసిందే. ధనికుల పిల్లలు తండ్రి సొమ్ముతో తప్పులు చేసి నేర్చుకుంటారు. పేద కులాల పిల్లల తొలి తప్పుకు వడ్డీ పడుతుంది, రెండో తప్పుకు సిబిల్ స్కోరు అడ్డుపడుతుంది.

రుణం కోసం బ్యాంకు అడిగే ప్రాజెక్టు రిపోర్టు పరిస్థితి అందరికీ తెలిసిందే. పట్టణంలోని డీటీపీ సెంటర్‌లో పేరు, ఊరు మార్చి ఇచ్చే ఆ కాగితాల్లో ఆదాయం ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. ఎవరు కొంటారన్న ప్రశ్న అందులో ఉండదు. తమ జీవితాన్ని తాకట్టు పెట్టే పత్రాన్ని ఇతరుల చేత రాయించుకోవడం మన యువత చేస్తున్న పెద్ద పొరపాటు. ఆ రిపోర్టును అడిగి, చదవకుండా సంతకం చేసే వ్యవస్థకూ అందులో భాగముంది.

శిక్షణ కూడా పెట్టుబడి నడిచిన దారినే నడుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ప్రారంభించింది. దాని ఉపకేంద్రాలు విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో ఉన్నాయి. ఒంగోలే వంద కిలోమీటర్ల దూరమైన మార్కాపురానికి, ఇంకా దూరమైన గిద్దలూరుకు, నల్లమల అంచున ఉన్న దోర్నాల చెంచు గూడేలకు ఇవన్నీ వార్తలే.

ప్రభుత్వం తానే కొనుగోలుదారుగా ఉండవలసిన చోటా వెనక్కు తగ్గుతోంది. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 నాటి ఆదేశం చెబుతోంది. జెమ్ పోర్టల్ వచ్చాక ఆ కొనుగోలు కూడా ఆన్‌లైన్ వ్యాపారమే. ఒక్క ఆర్డరు చేతిలో ఉంటే అతని ఆదాయ ప్రణాళికలోని మొదటి ప్రశ్నకు సమాధానం దొరికినట్టే. లక్ష్యాన్ని కాగితం మీద వదిలేసి అప్పు ఇస్తామనడం, గిరాకీ లేని అంగడికి అద్దె కట్టమనడం లాంటిది.

రుణాలు ఎవరికి చేరుతున్నాయో కూడా తేలాలి. ప్రకాశం జిల్లాలోని ఈదుముడిలో 1994లో మోగిన దండోరా, రిజర్వేషన్ల ఫలాల్లో ఎవరి వాటా ఎంత అని అడిగింది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న వర్గీకరణను సమర్థించింది. ఉద్యోగాలకు, సీట్లకు వర్తించే ఆ ప్రశ్న పెట్టుబడికీ వర్తించాలి. ఎస్సీ రుణాల్లో ఏ ఉపకులానికి ఎంత, ఏ ప్రాంతానికి ఎంత అన్న వివరాలు బ్యాంకు శాఖల వారీగా ప్రకటించాలని డిమాండ్ చేయవలసి ఉంది.

ఇదంతా దళితులను చిల్లర వ్యాపారులుగా మార్చి భూపోరాటాన్ని, కార్మిక పోరాటాన్ని మరిపించే ప్రయత్నమని కొందరు మిత్రులు అభ్యంతరం చెప్పవచ్చు. భూమి ప్రశ్నకు ఆన్‌లైన్ దుకాణం సమాధానం కాదన్నది నిజమే. అయితే ఉద్యోగ ప్రకటనలు తగ్గి, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు లేక, మన యువత ఇప్పటికే ఈ మార్కెట్‌లోకి నెట్టబడింది. కొందరు డెలివరీ సంచి మోస్తున్నారు, కొందరు అప్పు చేసి దుకాణం పెడుతున్నారు. వారు ఎటూ దిగే బరిలో కళ్లు తెరిచి దిగడానికి సాయపడటం ఉద్యమాల బాధ్యతే.

అందుకు మొదటి అడుగు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం సాంఘిక సంక్షేమ, బీసీ వసతిగృహాల్లో, కళాశాలల్లో విద్యార్థి సంఘాలు వారానికొక సాయంత్రం ఈ లెక్కల కోసం కేటాయించవచ్చు. ఒకరి ఆలోచనను పదిమంది కలిసి ఆ నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టాలి. పేరు దాచాలా చాటాలా అన్నది అక్కడే చర్చకు రావాలి. ఆ లెక్క నిలిచిన ఆలోచనకు అప్పుగా కాకుండా గ్రాంటుగా 50 వేల రూపాయలు, నాలుగు నెలల గడువు ఇవ్వమని ఎస్సీ, ఎస్టీ, బీసీ కార్పొరేషన్లను నిలదీయాలి. ఈ సీమ పిల్లలు ఒకప్పుడు పరుల పిల్లలు రాసుకునే పలకలు చేశారు. ఇప్పుడు వారి పలక మీద వారి లెక్క వారే రాసుకోవాలి. తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్లకముందే రాసుకోవాలి.